నిద్ర లోతు కొలిచిన పట్టీ

ఆపరేషన్ బల్ల మీద, కోత పడి ఉన్నప్పుడు, నాకు మెలకువ వచ్చింది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు భయపడతారు. నేను భయపెట్టడానికి రాయడం లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర దాటాక అలాంటిదే ఇంకో బల్ల మీద హాయిగా నిద్రపోయి లేచాను కాబట్టి రాస్తున్నాను. ఈ రెండింటి తేడా వెనక నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. మా వైపు మగవాళ్లు, ఆ మాటకొస్తే ఆడవాళ్లు కూడా, అదే పొరపాటు చాలా సులువుగా చేస్తారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి డాక్టరు ముందు నోరు విప్పితే నాకు అదే చాలు.

మాది నేరేడుచర్ల. ముప్పై ఏళ్లు దినపత్రికలకు వార్తలు రాశాను. వార్తలు కవర్లో పెట్టి మిర్యాలగూడ బస్సు డ్రైవరు చేతికిచ్చిన రోజుల నుంచి ఫోన్‌లోనే కొట్టి పంపే రోజుల దాకా ఆ పనిలో ఉన్నాను. కాలువ చివరి భూములకు నీళ్లు రాకపోవడం, మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల బారులు, హైవే మీద ప్రమాదాలు. ఇవే నా వార్తలు. ఇప్పుడు మానేశాను. నా భార్య విజయ అంగన్‌వాడీ టీచరు. కూతురు స్వాతి కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతుంది.

ముందటేడు మార్చిలో సూర్యాపేటలో నాకు హెర్నియా ఆపరేషన్ జరిగింది. పెద్ద ఆపరేషనేమీ కాదు. ముందు రోజు మత్తు డాక్టరు వచ్చి మామూలు ప్రశ్నలన్నీ అడిగాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా, సిగరెట్ ఉందా, తాగుడు అలవాటుందా అని. చివరి దానికి లేదన్నాను. పక్కనే ఉన్న విజయ కూడా లేదని తల అడ్డంగా ఊపింది. ఇద్దరం అబద్ధం చెప్పలేదు. బ్రాందీ, విస్కీ నేను ఏనాడూ ముట్టలేదు. కల్లు రోజూ తాగేవాణ్ణి. కానీ మా వైపు కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కెయ్యరు. అమ్మవారికి సాక పోసేది అదే, ఇంటికి చుట్టం వస్తే తెప్పించేది అదే. ముసలివాళ్లు ఒంటికి చలువ అంటారు. పొద్దు వాలాక తాటివనం వైపు పోయి రెండు సీసాలు తాగి రావడం నాకు ఇరవై ఏళ్లుగా టీ తాగినట్టే అయిపోయింది.

మర్నాడు బల్ల మీద పడుకోబెట్టారు, చేతికి సూది ఎక్కించారు, చీకటైపోయింది. అంతవరకు అందరికీ జరిగేదే.

మొదట శబ్దాలు వినిపించాయి. ఇనుప పళ్లెంలో ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత లోపల ఎవరో గుంజుతున్నట్టు అనిపించింది. అయిపోయింది కాబోలు, లేద్దాం అనుకున్నాను. కళ్లు తెరుచుకోలేదు. వేలు కదపాలని చూశాను, వేలు ఎక్కడుందో తెలియలేదు. అరుద్దామంటే ఊపిరే నాది కాదు, యంత్రం ఊపుతోంది. కండరాలు కదలకుండా వేరే మందు ఇస్తారని, అది పని చేస్తూ నిద్ర మందు మాత్రం పలచబడితే ఇలా జరుగుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చచ్చిపోయానేమో, చచ్చినవాళ్లకు ఇలాగే వినిపిస్తుందేమో అనుకున్నాను. ఒక నర్సు ఇంకో నర్సుతో తన చెల్లెలి నిశ్చితార్థం గురించి మాట్లాడుతోంది. మునగాలలో, శుక్రవారం. లీవు అడిగిందట, ఇస్తారో లేదో తెలియదట. దారిలో లారీల వెనక తన కారు ఇరుక్కుపోయిన సంగతి సర్జన్ చెబుతున్నాడు. నేను ఆ మాటలనే పట్టుకుని వేలాడాను. ఆ తర్వాత ఎవరో గుండె వేగం పెరుగుతోందన్నారు. మళ్లీ చీకటి. మొత్తం రెండు నిమిషాలో పది నిమిషాలో చెప్పలేను.

మర్నాడు గ్లూకోజ్ సీసా మార్చడానికి అదే గొంతు గల నర్సు వచ్చింది. నాకు మధ్యలో మెలకువ వచ్చిందని చెప్పాను. మత్తులో కలలు వస్తాయని ఆమె మెల్లగా సర్దిచెప్పింది. మీ చెల్లెలి నిశ్చితార్థం శుక్రవారమేనా, లీవు దొరికిందా అని అడిగాను.

ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మీకెట్ల తెలుసు సార్?"

"మీరే చెప్పిండ్రు. మునగాలల అని."

డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోలేదు. మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన బుకాయించలేదు. మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది, క్షమించండి అన్నాడు. నిద్ర మాత్రలేమైనా వాడతారా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు కూడా నాకు కల్లు గుర్తు రాలేదు. ఆయన ఒక కాగితం మీద జరిగింది రాసి సంతకం పెట్టి, ఇంకెప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే దీన్ని ముందే చూపించమన్నాడు. ఆ కాగితమే తర్వాత నన్ను కాపాడింది. ఆ నర్సుకు లీవు దొరికింది. లడ్డూలు తెచ్చి పెట్టింది.

ఇంటికొచ్చాక గాయం పది రోజుల్లో మానింది. భయం మానలేదు. వెల్లకిలా పడుకోలేకపోయేవాణ్ణి. మంగలి షాపులో కుర్చీ వెనక్కి వాల్చి మొహం మీద వేడి గుడ్డ వేస్తే, లేచి సగం గడ్డంతో బయటికి వచ్చేశాను. రెండు సీసాలు మూడయ్యాయి. విజయ మొదట్లో ఓపిక పట్టింది. తర్వాత, అయిపోయినదాన్ని ఎన్నాళ్లు తవ్వుకుంటావని కోప్పడేది. ఆమె తప్పు లేదు. ఒకరి లోపల జరిగినదాన్ని పక్కవాళ్లు చూడలేరు కదా.

కిందటేడు జూలైలో, నాట్లు పడుతున్నప్పుడు, కడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. కోదాడలో స్కానింగ్ సెంటర్‌లో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్నాం. పక్కన కూర్చున్న పెద్దావిడ బత్తాయి ఒలిచి తొన ఇవ్వబోయి, తినకూడదని తెలిసి, స్కానింగ్ అయ్యేదాకా ఆ తొనలు కొంగులో మూటకట్టి ఉంచి తర్వాత ఇచ్చింది. పిత్తాశయంలో రాళ్లు. ఆగస్టులో జ్వరంతో పాటు ఇంకోసారి నొప్పి వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి తగ్గించారు. ఈసారి మందులతో తగ్గింది, మళ్లీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు, దసరా దాటకుండా తీయించుకోండి అని డాక్టరు చెప్పాడు.

తీయించుకోనన్నాను. రాళ్లతోనే బతుకుతానన్నాను.

విజయ అన్నం పళ్లెం నా ముందు పెట్టి, నిలబడే మాట్లాడింది. "నువ్వు రాళ్లతోని బతుకుతవేమో. నేను నీ భయంతోని ఎట్ల బతకాలె, అది చెప్పు."

ఆపరేషన్ వద్దంటే రాళ్లు ఎప్పుడైనా చంపొచ్చు. సరేనంటే ఆ బల్ల, ఆ చీకటి, కదలని వేలు. ఏది ముందు వస్తుందోనని రెండు వారాలు ఎదురుచూశాను.

దారి చూపించింది స్వాతి. ఆదివారం కోదాడ నుంచి వచ్చి, పిల్లలకు చెప్పినట్టు కాగితం మీద అలలు గీసింది. గుండె కొట్టుకుంటే పుట్టే కరెంటును గీతలుగా చూస్తారు కదా, మెదడులో కూడా అలాగే సన్నని కరెంటు పుడుతుంది నాన్నా అంది. మెలకువగా ఉన్నప్పుడు ఆ అలలు చిన్నవి, గజిబిజిగా, వేగంగా ఉంటాయట. నిద్ర లోతుకు పోయేకొద్దీ పెద్దవై నెమ్మదిస్తాయట. నుదుటికి ఒక పట్టీ అంటిస్తే యంత్రం ఆ అలల్ని చదివి నూటికి ఇంత అని ఒక అంకె చూపిస్తుందట. నూటికి దగ్గరైతే పూర్తి మెలకువ. నలభైకీ అరవైకీ మధ్య ఉంటే ఆపరేషన్‌కు సరిపడే నిద్ర. మిర్యాలగూడలో ఆ యంత్రం వాడే డాక్టరమ్మ ఉందని కాలేజీలో ఎవరో చెప్పారట.

"ఒక్కసారి పోయి మాట్లాడుదాం నాన్నా. ఆపరేషన్ వద్దనుకుంటే వాపస్ ఒద్దాం."

మాట్లాడటానికే కదా అని విజయతో కలిసి ముగ్గురం బయలుదేరాం.

డాక్టరమ్మ పేరు శిరీష. కోదాడ పిల్ల. ముప్పై అయిదు దాటి ఉండవు. సూర్యాపేట కాగితం చదివి, కల అనలేదు. మొదటి నుంచి చెప్పమంది. చెబుతున్నంతసేపు మధ్యలో ఒక్క ఫోనూ ఎత్తలేదు. యంత్రం గురించి స్వాతి చెప్పిందే చెప్పింది, దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పింది. ఆ అంకె ఒక్కటే నమ్ముకుని కూర్చోకూడదు, గుండె, బీపీ, మందు కొలత అన్నీ చూస్తూ తాను తల దగ్గరే ఉంటానంది. ఈ యంత్రం లేకుండా కూడా వేలమందికి సుఖంగా ఆపరేషన్లు జరుగుతున్నాయి, మీకు జరిగింది అరుదు, అరుదైనా ఎందుకు జరిగిందో వెతకాలి అంది.

తర్వాత నన్ను అడిగిన తీరు చూడండి. తాగుతారా అని అడగలేదు.

"సాయంత్రం పూట ఏం తాగుతారండి?"

"టీ."

"టీ తర్వాత?"

"కల్లు," అన్నాను.

స్వాతి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఎంత, ఎన్నేళ్ల నుంచి అని అడిగి రాసుకుంది. తాగని రోజు ఎలా ఉంటుందని అడిగింది. నేను ఏదో చెప్పబోయేలోగా విజయ అందుకుంది.

"చేతులు వణుకుతయి మేడం. అన్నం కలుపుకోరాదు. ఊకె కసురుతడు. ఒక్క గడియ కూసోడు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మీరు పత్రికలో పనిచేశారు కదా, కల్తీ కల్లు మీద వార్తలు రాసే ఉంటారు కదా అంది. చాలాసార్లు రాశానన్నాను. అందులో ఏం కలుపుతారని రాశారంది. మత్తు పౌడరు, నిద్ర మాత్రల పొడి అన్నాను. అని, నా మాట నాకే వినబడి ఆగిపోయాను.

అయినా ఒప్పుకోలేదు. మాది చెట్టు కల్లు మేడం, మా గౌడు యాదగిరి ఇరవై ఏళ్లుగా నా ఎదుటే చెట్టెక్కి దించుతాడు అన్నాను. ఆమె వాదించలేదు. "చెట్టు కల్లయితే మరీ మంచిదండి. ఒక్కసారి ఆయన్ని అడిగి రండి. తప్పు పట్టడానికి కాదు. ఆ పొడికి మీ ఒళ్లు అలవాటు పడి ఉంటే, నేనిచ్చే మత్తు మీకు సగమే పనిచేయొచ్చు. అది నాకు ముందే తెలియాలి." ఇంకో మాట గట్టిగా చెప్పింది. అడగకముందే భయపడి కల్లు ఒక్కసారిగా మానేయొద్దు, అలా మానితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, మానిపించే పద్ధతి వేరే ఉంది అని.

ముప్పై ఏళ్లలో మంత్రుల్ని అడిగాను, మిల్లు యజమానుల్ని అడిగాను, పోలీసుల్ని అడిగాను. యాదగిరిని అడగడానికి మాత్రం కాళ్లు రాలేదు. వాడు నాకన్నా పదేళ్లు చిన్న. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందుండే మనిషి. వాడి కొడుకు పెళ్లికి శుభలేఖ రాసింది నేనే.

మర్నాడు సాయంత్రం తాటివనంలో అందరూ వెళ్లిపోయేదాకా కూర్చుని అడిగాను. యాదగిరి ముందు చెట్టు మీద చేయి వేసి ఒట్టు పెట్టాడు. సూర్యాపేటలో జరిగినదంతా మొదటిసారి వాడికి చెప్పాను. కదలని వేలు దగ్గరికి వచ్చేసరికి వాడు నడుముకున్న మోకుతాడు విప్పి పక్కన పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పేపర్ల ఏస్తవా అన్నా?"

"నా పానం మీదికొచ్చింది యాదగిరీ. పేపరెక్కడిది?"

నేల గీకుతూ చెప్పాడు. చెట్లు ప్లాట్ల కింద పోయాయి. మిగిలినవాటి కల్లు పదిమందికి సరిపోతుంది, నలభై మంది సీసాలు పట్టుకుని నిలబడతారు. లేదంటే ఇంకో దుకాణానికి పోతారు. ఎండాకాలమైతే తాగేవాళ్లు ఇంకా పెరుగుతారు. అందుకని బయట నుంచి తెచ్చిన పొడి కలపడం మొదలైంది.

"నాకు గూడనా?" అన్నాను.

"నీకు చెట్టుదే పోసేటోణ్ని అన్నా. నువ్వే ఒకనాడన్నవ్, ఏందిరా ఇయ్యాల పల్చగున్నది, ఒంటికి పట్టలే అని. మల్ల తెల్లారి అందరికి పోసేదే నీకు గూడ పోసిన. బాగుందన్నవ్. గప్పటి సంది గదే."

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. మొదట వాడు భయపడ్డాడు, తర్వాత వాడూ నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. కల్తీ మీద నేను రాసిన వార్తలన్నీ ఒక పక్క, నేనే అడిగి తెప్పించుకున్న కల్తీ ఒక పక్క. ఎవరి మీద రాయాలి చెప్పండి.

"పా అన్నా," అన్నాడు చివరికి. "డాక్టరమ్మకు నేనే చెప్త. నువ్వు చెప్తే కొలత తప్పుతది."

ఆ మాట విలువ మా వైపు వాళ్లకు తెలుస్తుంది. కేసు అయితే వాడి లైసెన్సు పోతుంది, అందుకే ఇక్కడ వాడి పేరు మార్చి రాస్తున్నాను. అయినా మరుసటి రోజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి మిర్యాలగూడ షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. జేబులో కాగితం పొట్లంలో ఆ పొడి కొంచెం తెచ్చాడు. డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎన్ని సీసాలకు ఎంత కలుపుతాడో, ఎన్నేళ్ల నుంచి కలుపుతున్నాడో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె కుర్చీ చూపించి కూర్చోమంది. ఈ గదిలో చెప్పింది ఈ గది దాటదంది. రాసుకోవడం అయ్యాక, మీరు ఇవాళ ఈయనకు చాలా సాయం చేశారండి, ఇంక ఎవరికీ అది కలపకండి, కానీ రోజూ తాగేవాళ్లను ఒక్కసారిగా మానమని కూడా చెప్పకండి, దవాఖానకు పంపండి అంది. యాదగిరి తల వంచుకుని సరే అన్నాడు.

సెప్టెంబరు అంతా కల్లు విడిపించే మాత్రలతో గడిచింది. డాక్టరమ్మ చెప్పిన ఇంకో డాక్టరు దగ్గరికి వారానికోసారి వెళ్లి, మాత్రలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను. సుఖంగా గడిచిందని చెప్పను. చెమటలు పట్టేవి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాటంతటవే తాటివనం వైపు తిరిగేవి. ఆ వేళకు సరిగ్గా యాదగిరి మా ఇంటికి వచ్చేవాడు. ఉత్త చేతులతో రాకుండా పండిన తాటిపండు ఒకటి తెచ్చేవాడు. విజయ మొదటి వారం వాడితో మాట్లాడలేదు. వాడికి టీ కూడా ఇవ్వలేదు. వాడు పట్టించుకోలేదు. అరుగు మీద కూర్చుని నాతో ఊళ్లో సంగతులన్నీ చెప్పి వెళ్లిపోయేవాడు. రెండో వారం ఒకనాడు రెండు గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టి, ఒకటి వాడి వైపు జరిపింది.

"తాగు. ఇందుల నేనేం కలుపలే," అంది.

"చక్కెర గూడ కలుపలేదు వదినా," అన్నాడు యాదగిరి, ఒక గుక్క తాగి. విజయ వెనక్కి తిరిగి లోపలికి పోయింది. చక్కెర డబ్బాతో తిరిగి వచ్చేటప్పటికి నవ్వుతోంది.

అక్టోబరులో, మొదటి కోతలు మొదలైన వారంలో, మిర్యాలగూడలో చేరాను. ఆ రోజు పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు. తలుపు దాటగానే ఒళ్లంతా బిగుసుకుపోయింది. అదే స్పిరిట్ వాసన, అదే ఇనుప చప్పుడు. వెనక్కి పోదామని నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ తల దగ్గర నిలబడి, ఇప్పుడైనా వద్దంటే ఆపేద్దామండి, ఎవరూ ఏమీ అనరు అంది. ఆ మాటే నన్ను ఆపింది. తలుపు తెరిచి పొమ్మంటే పోబుద్ధి కాలేదు.

నుదురు తుడిచి పట్టీ అంటించింది. చల్లగా ఉంది. అక్కడక్కడ వేలితో నొక్కితే సన్నగా గుచ్చుకుంది. పక్కన చిన్న తెర మీద అలలు పరిగెత్తాయి, మూలన ఒక అంకె వెలిగింది. తెర నా వైపు తిప్పింది.

"తొంభై ఏడు. ఇది మీరేనండి."

నా మెలకువను బయట నుంచి చూడటం అదే మొదటిసారి. సూర్యాపేటలో లోపల నేనున్నానని బయట ఎవరికీ తెలియలేదు. ఇక్కడ నేనున్నానని ఒక తెర చెబుతోంది, దాన్ని చూస్తూ ఒక మనిషి కూర్చుంది. భుజాలు వాటంతటవే వదులయ్యాయి. నా ఆలోచనలు కూడా కనబడతాయా అని అడిగాను. కనబడవండి, మీరు వంకాయ కూర గురించి ఆలోచించినా అలలు ఇలాగే ఉంటాయి, మెలకువ ఎంతో మాత్రమే చూపిస్తుంది అంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, వంకాయ కూర పేరు ఎత్తకండి మేడం అన్నాను. పక్కన ఎవరో నవ్వారు. మందు ఎక్కిస్తున్నానండి అంది డాక్టరమ్మ. తెర మీద తొంభై ఒకటి చూశాను. ఎనభై నాలుగు చూశాను.

బయట జరిగింది తర్వాత స్వాతి చెప్పింది. వెయిటింగ్ హాల్లో విజయ కుర్చీ అంచున కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడుతోందట. యాదగిరి తన పొలం కోత పనులు ఇంకో మనిషికి అప్పజెప్పి పొద్దున్నే వచ్చాడట. అరగంట తర్వాత, డాక్టరమ్మ పంపితే ఒక నర్సు బయటికి వచ్చి, అంకె నలభై ఎనిమిది ఉంది, అంతా బాగుంది అని చెప్పిపోయిందట. ముగ్గురిలో ఇద్దరికి అది మంచో చెడో తెలియలేదు.

"నూటికి నలభై ఎనిమిదా," అన్నాడట యాదగిరి. "పాసే గద వదినా."

"పాసంటే ముప్పయ్యైదు," అందట విజయ. "జర ఎక్కువే ఒచ్చింది."

ఎక్కువ రాకపోవడమే మంచిదని స్వాతి చెప్పి నవ్వుతుంటే, పక్కన ప్రసవానికి వచ్చినవాళ్ల తాలూకు ఆడవాళ్లు కూడా ఏమిటేమిటని అడిగి విని నవ్వారట. విజయ అప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని, టిఫిన్ డబ్బా విప్పి, యాదగిరికి రెండు చపాతీలు పెట్టిందట.

నాకు వినిపించిన తర్వాతి మాట, "లేవండి, కళ్లు తెరవండి." తెరిచాను. వేలు కదిపాను. కదిలింది. ఇంకా మొదలుపెట్టలేదనుకుని, ఎప్పుడు మొదలుపెడతారు మేడం అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది. అయిపోయి పావుగంటయిందండి అంది డాక్టరమ్మ.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. డాక్టరు అడిగినా అడగకపోయినా కల్లు సంగతి చెప్పండి. చెట్టు కల్లే అని ఒట్టేయకండి. చెట్టెక్కినవాణ్ణి అడగండి, ప్రేమగా అడగండి. సొంతంగా ఒక్క పూటలో మానేయకండి. ముందు ఎప్పుడైనా మత్తులో మెలకువ వచ్చి ఉంటే, ఎవరేమన్నా అది కలని ఒప్పుకోకండి, కాగితం మీద రాయించుకోండి. పట్టీ, యంత్రం ఉన్నాయా అని అడగడంలో తప్పు లేదు. లేకపోయినా, మీ మాట వినే డాక్టరు ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

మూడో రోజు ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ ఒక కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. మీలాంటి వాళ్లను తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్నలండి, తొందరేమీ లేదు, ఆలోచించుకుని చెప్పండి అంది. విజయ సంచి సర్దడం ఆపి మంచం పట్టె మీద కూర్చుంది.

నిద్రపోయే ముందు చివరగా గుర్తున్నది ఏమిటని అడిగింది. ఎనభై నాలుగు అన్నాను. లేచాక మొదట గుర్తున్నది ఏమిటని అడిగింది. మీ గొంతు అన్నాను.

"రెండింటి మధ్య?"

కళ్లు మూసుకుని వెతికాను. నిజంగానే వెతికాను. ఎక్కడా చప్పుడు లేదు, మాట లేదు, ఎవరి చెల్లెలి నిశ్చితార్థమూ లేదు. ఎనభై నాలుగు పక్కనే ఆమె గొంతు ఉంది. మధ్యలో సూది మొన పట్టే సందు కూడా లేదు.

"ఏం లేదు మేడం."

ఆమె రాసుకుంది. విజయ నా మొహంలోకి చూసింది, కాగితం వైపు చూసింది.

"జర మల్లొక్కసారి అడుగుండ్రి మేడం," అంది.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది. నేను మళ్లీ ఏం లేదన్నాను. విజయ నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి నాకు ఆగలేదు. కుట్లు లాగుతుంటే పొట్ట రెండు చేతులతో పట్టుకుని, వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని నవ్వాను.